పదమూడున్నర వేల కిలోమీటర్లు, పదమూడున్నర గంటలు

శంషాబాద్ విమానాశ్రయం నుంచి శాన్ ఫ్రాన్సిస్కో విమానాశ్రయానికి భూగోళం మీద అతి దగ్గర దారి సుమారు 13,540 కిలోమీటర్లు. జనవరిలో ఆ రెండు ఊళ్ల గడియారాల మధ్య తేడా పదమూడున్నర గంటలు. రెండు అంకెలూ ఇలా పక్కపక్కన కుదరడం కాకతాళీయమే, ఒకదానితో ఒకదానికి చుట్టరికం లేదు. వేసవిలో అమెరికా వాళ్లు గడియారాన్ని గంట ముందుకు జరుపుకుంటే తేడా పన్నెండున్నరకు దిగుతుంది, దూరం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఇక నాకు పట్టిన సమయం ఈ రెండింటితోనూ కలవదు. ఖమ్మంలో ఇంటికి తాళం వేసిన దగ్గర్నుంచి ఫ్రీమాంట్‌లో మేనల్లుడి గుమ్మం ముందు చెప్పులు విడిచేదాకా దాదాపు రోజున్నర. అందులో గాల్లో ఉన్నది ఇరవై గంటలే.

మావైపు దూరాన్ని ఎవరూ కిలోమీటర్లలో అడగరు. హైదరాబాద్ ఎంత దూరం అంటే నాలుగు గంటలు అంటారు, సూర్యాపేట దగ్గర టీకి ఆగితే ఇంకో అరగంట. అమెరికా ప్రయాణం ఖాయమయ్యాక ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ గంటలే అడిగారు. టికెట్ చేసిన ఏజెంటు ఇరవై రెండు అన్నాడు. మేనల్లుడు ఫోన్లో, "పదహారే మామయ్యా, దుబాయి దాకా వచ్చేది ఓ ప్రయాణమా?" అన్నాడు. మా వీధిలో కిరాణా కొట్టాయన కూతురు డల్లాస్‌లో ఉంటుంది. ఆయన లెక్కే వేరు: "రెండు రాత్రుళ్లు నిద్దర పోయినట్టే అనుకోండి." ముగ్గురూ నిజమే చెప్పారు. ముగ్గురిలో ఏ ఒక్కరి మాట పట్టుకుని బయల్దేరినా ఇబ్బందే.

ప్రపంచ పటం చూసి ఈ దారిని ఊహించుకునేవాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. బడి గోడల మీద కనిపించే పటాల్లో చాలావాటికి మూలం 1569లో మెర్కేటర్ ఓడలవాళ్ల కోసం గీసిన పద్ధతి. అలాంటి పటం మీద స్కేలు పెట్టి హైదరాబాద్‌ను శాన్ ఫ్రాన్సిస్కోతో కలిపితే గీత అరేబియా మీదుగా సహారా ఎడారిలోకి దిగి, అట్లాంటిక్ దాటి అమెరికా చేరుతుంది. అదే గ్లోబు మీద దారం బిగించి పట్టండి. దారం పడమరకు పోదు. నేపాల్ దగ్గర హిమాలయాలెక్కి, టిబెట్ దాటి, మంగోలియా పడమటి కొసను ఒరుసుకుంటూ సైబీరియాలోకి పోతుంది. ఆర్కిటిక్ సముద్రపు అంచును తాకి, అలాస్కా మీదుగా పసిఫిక్‌లోకి వాలి, పైనుంచి కిందికి కాలిఫోర్నియా చేరుతుంది. మంచు ఎరగని రెండు ఊళ్ల మధ్య దగ్గర దారి మంచుగడ్డల పక్కనుంచి పోతుందంటే నమ్మబుద్ధి కాదు. కానీ గుండ్రటి భూమి మీద తిన్నటి దారంటే అదే.

తిన్నగా ఉన్నంత మాత్రాన విమానాలు అటు పోవు. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తు నాలుగున్నర వేల మీటర్లకు పైనే. విమానం లోపలి గాలి ఒత్తిడి పడిపోతే పైలట్ వెంటనే మూడు వేల మీటర్ల ఎత్తుకు దిగాలి, ఎందుకంటే తలపైనుంచి జారిపడే మాస్కుల్లో ప్రాణవాయువు చాలా విమానాల్లో పావుగంటకు మించి రాదు. కింద నేలే నాలుగున్నర వేల మీటర్ల ఎత్తున ఉంటే దిగేదెక్కడికి? అందుకే పెద్ద విమానాలు ఆ పీఠభూమిని చుట్టుకుని పోతాయి.

అసలు హైదరాబాద్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు ఆగకుండా పోయే విమానమే దొరకలేదు నాకు. ఎక్కడో ఒకచోట దిగి మారాలి. దుబాయి మీదుగా అయితే ముందు 2,546 కిలోమీటర్లు, ఆపైన 13,041. మొత్తం పదిహేనున్నర వేలు దాటింది. అంటే దారం కన్నా రెండు వేల కిలోమీటర్లు అదనం, ఖమ్మం నుంచి ఢిల్లీకి పోయినదానికన్నా ఎక్కువే. మారడానికి దుబాయిలో రెండు గంటలే కూర్చుంటే చాలని ఆ దారే తీసుకున్నాను.

సంక్రాంతి వెళ్లిన వారంలో, సాయంత్రం బయల్దేరాను. సూర్యాపేట దాకా, అక్కణ్ణుంచి విజయవాడ రోడ్డు పట్టుకుని నగరం దాకా చెప్పుకోవడానికేమీ లేదు. ఎల్బీ నగర్ రద్దీలో దూరకుండా పెద్ద అంబర్‌పేట దగ్గరే అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కడం ఇప్పటి సుఖం. 2008 మార్చిలో శంషాబాద్ తెరిచేదాకా విమానమంటే బేగంపేటే. ఊరి నడిబొడ్డున ఉండేది. విమానాశ్రయం ఊరికి దూరమైన కొద్దీ విమాన ప్రయాణంలో రోడ్డు ప్రయాణం వాటా పెరుగుతూ వచ్చింది. ఇది ఒక్క హైదరాబాద్ కథ కాదనుకోండి.

అర్ధరాత్రి శంషాబాద్ చూడాలి. దుబాయి విమానం వరసలో రెండు రకాల జనం. ఒక రకం మావంటి వాళ్లు: రెండేసి పెట్టెలు, ఒక్కోటి ఇరవై మూడు కిలోలు, ఆవకాయ సీసాలకు మూడు చుట్ల టేపు. కాటా దగ్గర పెట్టె తెరిచి కారప్పొడి ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మార్చే దంపతులు. చక్రాల కుర్చీల వరస ఒకటి. ఆ కుర్చీల్లో కూర్చున్న పెద్దవాళ్లందరికీ కాళ్లనొప్పులు కావు. కుర్చీ తోసే మనిషి ఉంటే దారి తప్పరు, ఇంగ్లీషులో అడిగినదానికి ఆయనే సర్దిచెబుతాడు. పిల్లలు అమెరికా నుంచి చేసే ఏర్పాటు అది. నాకది తప్పుగా అనిపించదు.

రెండో రకం వయసు కుర్రాళ్లు. భుజానికి ఒక సంచీ, చేతిలో ప్లాస్టిక్ కవర్లో కాగితాలు. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు వాళ్లు. వాళ్లకు దుబాయే గమ్యం. విమానంలో నా పక్క సీటు వాళ్లలో ఒకతనిది. జగిత్యాల దగ్గర పల్లె, ముప్పై ఏళ్లుంటాయి.

"దుబాయిల దిగుతరా సార్?"

"దిగి మారాలి. అమెరికా పోతున్న."

"అబ్బో, మస్తు దూరం గద."

"నీది దగ్గరే, నాలుగు గంటలేగా."

"దగ్గరే సార్. మా ఊరికెళ్లి శంషాబాద్‌కు అయిదు గంటలు వట్టింది, గీడికెళ్లి దుబాయికి నాలుగే. గని కంపెనోడు రెండేండ్లకోసారి టికెట్ ఇస్తడు. పోయినసారి వచ్చినప్పుడు బిడ్డ పాకుతుండె, ఇప్పుడు బడికి వోతంది."

మేనల్లుడి సంగతి గుర్తొచ్చింది. వాడి ఊరు ఇతని ఊరికన్నా ఐదింతల దూరం. వాడూ ఇంటికి వచ్చి నాలుగేళ్లు దాటింది. వాడికి టికెట్ డబ్బులు అడ్డం కాదు, వీసా ముద్ర అడ్డం. వస్తే మళ్లీ వెళ్లేటప్పుడు కాన్సులేట్‌లో తేదీ ఎప్పుడు దొరుకుతుందో, ఈలోగా ఉద్యోగం ఏమవుతుందో అని భయం. ఆ మాట ఇతనితో అంటే "మాకు గదే పంచాయితీ సార్, పాస్‌పోర్టు కాడ" అన్నాడు. అరేబియా సముద్రం మీద చీకట్లో మేం మాట్లాడుకుంది అంతా సెలవుల గురించే. దుబాయిలో దిగేసరికి గడియారం గంటన్నర వెనక్కి పోయింది. అతను ఇమ్మిగ్రేషన్ వైపు, నేను మారే ద్వారం వైపు. దుబాయి విమానాశ్రయం గురించి రాయడానికి బంగారం కొట్లు తప్ప నాకేమీ కనపడలేదు.

దుబాయి నుంచి రెండంతస్తుల ఏ380. దీని ఇంధనం ట్యాంకుల్లో మూడు లక్షల లీటర్లకు పైగా పడుతుంది. దూర ప్రయాణంలో ఒక వింత లెక్క ఉంది: చివరి గంటలో కాల్చే ఇంధనాన్ని మొదటి పదిహేను గంటలూ మోసుకుపోవాలి, ఆ మోతకు మళ్లీ ఇంధనం కావాలి. ఒక హద్దు దాటాక ఆగకుండా పోవడం కన్నా మధ్యలో దిగి నింపుకోవడమే పొదుపు. ప్రయాణికుడు ఆ పొదుపును కోరుకోడు, దిగకుండా ఉండేందుకే డబ్బిస్తాడు. వేగం మాత్రం నా చిన్నప్పటిదే. 1958లో బోయింగ్ 707 గంటకు ఎంత పోయేదో ఇప్పటి విమానాలూ ఇంచుమించు అంతే, తొమ్మిది వందల కిలోమీటర్ల చుట్టుపక్కల. ఎయిరిండియా 1960లో న్యూయార్క్‌కు 707 నడిపినప్పుడు లండన్‌లో ఆగి పోయేది. ఈ అరవై ఏళ్లలో ప్రయాణం తగ్గింది వేగం పెరిగి కాదు, ఆగే ఊళ్లు తగ్గి. ధ్వనిని దాటిన కాంకార్డ్ 2003లో ఇంటికి వెళ్లిపోయింది.

ఎదుటి సీటు వెనక తెరలో పటం పెట్టుకుని కూర్చున్నాను. సినిమాల కన్నా నాకు అదే కాలక్షేపం. లేస్తూనే ముక్కు ఉత్తరానికి పెట్టింది. పడమర దేశానికి పోతూ ఉత్తరానికి పోతుందేమిటని వెనక వరసలో ఒకాయన భార్యకు అనుమానం వ్యక్తం చేశాడు. దుబాయి 55 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, శాన్ ఫ్రాన్సిస్కో 122 డిగ్రీల పడమటి మీద. రెండూ కలిపితే 177. భూమికి దాదాపు ఎదురెదురు ముఖాలన్నమాట. అలాంటి రెండు ఊళ్ల మధ్య దగ్గర దారి ధ్రువం పక్కనుంచే. లెక్క ప్రకారం ఉత్తర ధ్రువానికి దాదాపు రెండు వందల కిలోమీటర్ల దగ్గర దాకా పోతుంది. ఇరాన్, తుర్క్‌మెనిస్తాన్, కజకిస్తాన్ పడమటి అంచు, ఉరల్ పర్వతాలు. అన్నీ ఒకే నిలువు గీత మీద పేర్చినట్టు వరసగా వచ్చాయి.

ఉదయం తొమ్మిదింటికి బయల్దేరాం. అయిదు గంటలు గడిచేసరికి సాయంత్రమైంది. మేం పడమరకు పోలేదు, పొద్దుపోవడానికి వేళా కాలేదు. దుబాయిలో ఇంకా రెండే అయింది. మేం వెళ్లింది సూర్యుడు లేని చోటికి. జనవరిలో ఆర్కిటిక్ మీద పగలే ఉండదు కదా. వెనక తోక వైపు ఆకాశం కాసేపు నారింజ రంగులో ఉండి ఆరిపోయింది. నొవాయా జెమ్లియా దీవులు చీకట్లో దాటాం. తెర మీద బయటి ఉష్ణోగ్రత మైనస్ అరవై దాటింది.

ఆ చలిలో విమానానికి ఉన్న చిక్కు ప్రయాణికులకు తెలియదు. జెట్ ఏ1 అనే ఇంధనం మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలెడుతుంది. అది ఉండేది రెక్కల్లో. ఆ రెక్కలు గంటల తరబడి మైనస్ అరవైలో తిరుగుతాయి. వేగంగా కోసుకుపోయేటప్పుడు గాలి రాపిడికీ ఒత్తిడికీ రెక్క కాస్త వెచ్చబడుతుంది కాబట్టి సరిపోతుంది. అయినా పైలట్లు ట్యాంకు ఉష్ణోగ్రత మీద కన్నేసే ఉంచుతారు, మరీ తగ్గితే కిందికి దిగడమో వేగం పెంచడమో చేస్తారు. ఇంకో చిక్కు మాటలది. భూమధ్యరేఖ మీద నిలబడి ఉండే ఉపగ్రహాలు 82 డిగ్రీల అక్షాంశం దాటాక దిగంతం కిందికి పోతాయి. పాతకాలపు హెచ్‌ఎఫ్ రేడియో పనిచేస్తుంది గానీ సూర్యుడి మీద తుఫాను లేచిన రోజున అదీ మూగబోతుంది. అలాంటి రోజుల్లో విమానాలను ధ్రువం వైపు పంపకుండా దక్షిణంగా మళ్లిస్తారు. ఎక్కడో కోట్ల కిలోమీటర్ల దూరంలో సూర్యుడు తుమ్మితే ఫ్రీమాంట్ మేనల్లుడు ఎయిర్‌పోర్టులో ఇంకో గంట కాచుకుంటాడు.

దిక్సూచి కూడా ఇక్కడ పనికిరాదు, అయస్కాంత ధ్రువం దగ్గరే ఉంటుంది కాబట్టి ముల్లు తడబడుతుంది. 1954 నవంబరులో స్కాండినేవియా విమాన సంస్థ కోపెన్‌హేగన్ నుంచి లాస్ ఏంజెలస్‌కు ఆర్కిటిక్ మీదుగా మొదటి ప్రయాణికుల సర్వీసు నడిపినప్పుడు, దిక్కు తెలుసుకోవడానికి వేరే పద్ధతి కల్పించుకోవాల్సి వచ్చింది. గ్రీన్‌లాండ్‌లోనూ కెనడాలోనూ ఆగి పోయింది ఆ విమానం. రష్యా మీదుగా పోవడం అప్పట్లో కుదరని పని. 1983 సెప్టెంబరు 1న న్యూయార్క్ నుంచి అలాస్కా మీదుగా సియోల్ పోతున్న కొరియా విమానం దారి తప్పి సోవియట్ గగనతలంలోకి పోతే యుద్ధ విమానం కూల్చేసింది. 269 మంది చనిపోయారు. సోవియట్ పోయాక రష్యా ఆ ఆకాశాన్ని తెరిచింది, డబ్బు పుచ్చుకునే అనుకోండి. అప్పటినుంచే ఇండియా, గల్ఫ్ దేశాలు అమెరికా పడమటి తీరానికి ఇంత దగ్గరయ్యాయి.

2022లో ఉక్రెయిన్ యుద్ధంతో ఆ తలుపు కొందరికి మళ్లీ మూసుకుంది. అమెరికా విమానాలు రష్యా మీదుగా పోరాదు. మన ఎయిరిండియా, గల్ఫ్ సంస్థలు పోవచ్చు. అంటే ఒకే రెండు ఊళ్ల మధ్య ఒక దేశపు విమానానికి ఒక దూరం, ఇంకో దేశపు విమానానికి ఇంకో దూరం. అమెరికా సంస్థ ఒకటి శాన్ ఫ్రాన్సిస్కో, ఢిల్లీ మధ్య నడుపుతున్న సర్వీసును ఈ కారణంతోనే ఆపేసింది. పోగలిగినవాళ్లకూ నిశ్చింత లేదు. 2023 జూన్‌లో ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో పోతున్న ఎయిరిండియా విమానం ఇంజిన్‌లో లోపం వచ్చి రష్యా దూరపు తూర్పున మగడాన్ అనే ఊళ్లో దిగింది. 216 మంది ప్రయాణికులు. ఆ చిన్న ఊళ్లో అందరికీ హోటళ్లు చాలక కొందరికి బడిలో పడకలు వేశారు. మూడో రోజు ఇంకో విమానం వచ్చి తీసుకుపోయింది. మగడాన్ ఒకప్పుడు స్టాలిన్ కాలపు నిర్బంధ శిబిరాలకు ముఖద్వారం. నేను వెళ్లొచ్చిన తర్వాత, 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన ఆకాశాన్ని మన విమానాలకు మూసింది. దాంతో ఢిల్లీ నుంచి అమెరికా పోయే కొన్ని విమానాలు వియన్నాలో దిగి ఇంధనం నింపుకోవాల్సి వచ్చింది. ఊళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి, ప్రయాణం గంటల కొద్దీ పెరిగింది.

దేశాల కన్నా గట్టి పెత్తనం గాలిది. పట్టిసీమ రేవు దగ్గర లాంచీ నడిపే సరంగును అడగండి, పాపికొండలకు ఎదురు పోవడానికి ఎంతసేపో వాలుకు తిరిగి రావడానికి ఎంతసేపో. ఏరు ఒకటే, లాంచీ ఒకటే, గంటలు రెండు రకాలు. పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు జెట్ ప్రవాహం అనే గాలి నది పారుతుంది, చలికాలంలో దాని జోరు గంటకు రెండు వందల కిలోమీటర్లు దాటడం మామూలే. ఎయిరిండియా 2015 డిసెంబరులో ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు సర్వీసు మొదలుపెట్టినప్పుడు అట్లాంటిక్ మీదుగా పోయేది, 13,900 కిలోమీటర్లు, అంతా ఎదురుగాలి. 2016 అక్టోబరులో పసిఫిక్ మీదుగా పోయి చూశారు. దూరం 15,300కు పెరిగింది. చేరడానికి పట్టింది మాత్రం పద్నాలుగున్నర గంటలు, పాత దారికన్నా దాదాపు రెండు గంటలు తక్కువ. గాలి వాలున నేల మీది వేగం గంటకు వెయ్యి కిలోమీటర్లు దాటింది. అటు పసిఫిక్ మీదుగా వెళ్లి ఇటు అట్లాంటిక్ మీదుగా తిరిగొస్తే భూమికి ఒక ప్రదక్షిణం పూర్తయ్యేది, రెండుసార్లూ తూర్పు ముఖంగానే. పధ్నాలుగు వందల కిలోమీటర్లు ఎక్కువ పోయి రెండు గంటలు మిగుల్చుకోవడం నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా నచ్చిన లెక్క. దూరాన్ని కిలోమీటర్లలో అడగని మా ఖమ్మంవాళ్లకు ఇది వెంటనే ఎక్కుతుంది.

ధ్రువం మీదుగా మన వాళ్లు నడిపిన విమానం కూడా ఉంది. 2021 జనవరి 9 రాత్రి ఎనిమిదిన్నరకు శాన్ ఫ్రాన్సిస్కోలో లేచి 11 తెల్లవారుజామున బెంగళూరులో దిగింది. దాదాపు 14,000 కిలోమీటర్లు, పదిహేడు గంటలకు పైగా. కాక్‌పిట్‌లో నలుగురూ మహిళలే: జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివానీ మన్హాస్. రెండో పేరు చదివినప్పుడు తెలుగింటి పేరని పొంగిపోయాం చాలామందిమి. అదే నెల 15న హైదరాబాద్ నుంచి షికాగోకు నేరుగా సర్వీసు మొదలైంది గానీ ఎక్కువకాలం నిలవలేదు. ఇంత పెద్ద సంఖ్యలో తెలుగువాళ్లు అటూ ఇటూ తిరుగుతుంటే ఒక్క నేరు విమానం నిలబడకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

కెనడా ఉత్తర దీవులు దాటి చాలాసేపటికి ఎడమవైపు కిటికీల్లో మళ్లీ తెల్లవారింది. తేదీ అదే. ఒకే తేదీన నాకు రెండుసార్లు తెల్లవారడం, మధ్యలో ఆరేడు గంటల రాత్రి ఒకటి. కింద రాకీ పర్వతాల వరసలు, తర్వాత మేఘాలు. మధ్యాహ్నం ఒంటిగంటకు శాన్ ఫ్రాన్సిస్కోలో దిగాం. కాగితం మీద చూస్తే తొమ్మిదికి బయల్దేరి ఒంటిగంటకు చేరిన నాలుగు గంటల ప్రయాణం, జగిత్యాల కుర్రాడి ప్రయాణమంత. ఇమ్మిగ్రేషన్ వరసలో గంటన్నర నిలబడ్డాక, మేనల్లుడు శాన్ మాటియో వంతెన మీదుగా తీసుకుపోయాడు. ఆ వంతెన అఖాతం మీద పదకొండు కిలోమీటర్లు, రద్దీ వేళ మనకు ఎల్బీ నగర్ గుర్తురావాల్సిందే.

ఒళ్లు మాత్రం రాలేదు, అది ఇంకా ఖమ్మంలోనే ఉంది. రాత్రి రెండింటికి మెలకువ, మధ్యాహ్నం మూడింటికి కళ్లు మూతలు. మనిషి లోపలి గడియారం రోజుకు గంట చొప్పున జరుగుతుందని అంటారు. పడమరకు జరగడం తేలిక, తూర్పుకు కష్టం. ఎందుకంటే ఆ గడియారపు రోజు ఇరవై నాలుగు గంటలకన్నా రవ్వంత ఎక్కువ, సాగదీస్తే ఒప్పుకుంటుంది, కుదిస్తే మొరాయిస్తుంది. పదమూడున్నర గంటల తేడాకు పడమర ఏదో తూర్పు ఏదో ఒంటికే తెలియదు. నేను రెండింటికి లేచి ఖమ్మానికి ఫోన్ చేసి మాట్లాడేవాణ్ణి. అక్కడ మధ్యాహ్నం మూడున్నర, తీరిక వేళ.

ఈ తేడా అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది పంచాంగాన్ని. తిథి అంటే చంద్రుడు సూర్యుణ్ణి దాటి పన్నెండు డిగ్రీలు జరిగే సమయం. అది మారే క్షణం భూమంతటికీ ఒకటే. సూర్యోదయానికి ఏ తిథి ఉందో చూసి రోజు నిర్ణయిస్తాం, సూర్యోదయం మాత్రం ఊరికొకటి. కాబట్టి తెనాలిలో శుక్రవారం వచ్చిన ఏకాదశి కాలిఫోర్నియాలో గురువారమే వచ్చేయొచ్చు. అక్కడి గుళ్లు ఆ ఊరి సూర్యోదయానికి గణించిన క్యాలెండర్లే వేస్తాయి. అయినా ఇళ్లల్లో గోడకు ఊరినుంచి తెచ్చిన క్యాలెండరు కూడా ఉంటుంది. పండగ ఎప్పుడని అత్తగారు ఇండియా నుంచి ఒకటి చెబుతారు, గుడి ఒకటి చెబుతుంది. మేనల్లుడి భార్య పద్ధతి నాకు నచ్చింది: సెలవు ఏ రోజు దగ్గరైతే ఆ రోజు.

తిరుగు ప్రయాణంలో ఈ గొడవ నా పక్క సీటుకే వచ్చింది. తెనాలి నుంచి కూతురి కానుపుకు వచ్చి ఆరు నెలలుండి వెళ్తున్న పెద్దావిడ, డెబ్భై దాటి ఉంటారు. ఫిబ్రవరిలో ఒక గురువారం సాయంత్రం నాలుగింటికి లేచాం. హైదరాబాద్ చేరేది శనివారం తెల్లవారుజామున. శుక్రవారం దాదాపు మొత్తంగా గాల్లోనే గడిచిపోతుంది. ఆవిడ సరిగ్గా ఆ ఏకాదశి ఉపవాసంలో ఉన్నారు. మొదటి భోజనం వచ్చినప్పుడు పళ్లు మాత్రం ఉంచుకుని పళ్లెం వెనక్కి పంపారు.

"గుడి లెక్కకు ఏకాదశి ఈ రోజే కదా పిన్నిగారూ, అయిపోవచ్చింది" అన్నాను.

"మా ఊరి పంచాంగంలో రేపు మధ్యాహ్నం రెండున్నర దాకా ఉంది నాయనా. మా ఊళ్లో ఎప్పుడు రెండున్నర అవుతుందో నువ్వు చెప్పు."

తెరలో చూసి లెక్కగట్టి చెప్పాను, బయల్దేరిన తొమ్మిది గంటలకు. ఆవిడ తలూపి కొంగు తలమీదికి లాక్కుని పడుకున్నారు. కెనడా చీకట్లో దాటాం, ధ్రువం చీకట్లో దాటాం. రష్యా తీరం దగ్గరపడేసరికి ముందు వైపు ఆకాశం ఎర్రబడి, దక్షిణాన సూర్యుడు లేచాడు. గడియారం చూశాను. తెనాలిలో రెండున్నర కావస్తోంది.

ఆవిడ ఎప్పుడు లేచారో లేచి కూర్చున్నారు. కిటికీలోంచి దణ్ణం పెట్టుకుని, సంచీలోంచి స్టీలు డబ్బా తీశారు. కూతురు కట్టిన పులిహోర.

"సూర్యోదయమైంది, తిథి వెళ్లింది. ద్వాదశే. తీసుకో నాయనా."

"తెనాలిలో ఇప్పుడు శుక్రవారం మధ్యాహ్నం కదండీ, ద్వాదశి పారణ రేపు పొద్దున..."

"తెనాలిలో వాళ్లకు రేపు పొద్దున. మన పొద్దు ఇదిగో పొడిచింది."

పులిహోరలో ఇంగువ బాగా పడింది. నాలుగున్నర గంటలు తిరిగేసరికి తుర్క్‌మెనిస్తాన్ మీద ఆ సూర్యుడు కుంగిపోయాడు. ఆవిడ లెక్కన ద్వాదశి కూడా ముగిసినట్టే. త్రయోదశికి ఆ సంచీలో ఏముందని నేను అడగలేదు.